అరిగిన టైరు: మార్చవలసిన వేళను గుర్తించడం ఎలా?

సరిహద్దు గ్రామాలలో మోటారు సైకిలు ఒక్కరి వాహనం కాదు, ఇంటిల్లిపాదికీ చెందిన బండి. తెల్లవారుజామున పాలక్యాను, పగలు బడికి వెళ్లే పిల్లలు, సాయంత్రం సంత సరుకు, పండుగనాడు హద్దు అవతలి ఊరిలోని బంధువుల ఇంటికి ప్రయాణం, అన్నీ దానిమీదనే సాగుతాయి. అటువంటి బండికి ఆయిలు మార్పించడంలో, చెయిను బిగించడంలో, బ్రేకులు సరిచేయించడంలో చూపే శ్రద్ధ టైరు విషయంలో మాత్రం కనబడదు. “ఇంకొన్నాళ్లు వస్తుందిలే” అనే మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించేదే.

టైరు మార్చవలసిన వేళను మూడు విషయాలు నిర్ణయిస్తాయి. మొదటిది గ్రిప్పు గాడుల లోతు. రెండవది టైరు వయస్సు. మూడవది టైరుకు తగిలిన గాయం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా తక్కినవి ఎంత బాగున్నప్పటికీ టైరు మార్చవలసినదే. తిరిగిన కిలోమీటర్ల లెక్క వీటిలో లేదన్నది గమనించవలసిన సంగతి. ఒకే కంపెనీ, ఒకే సైజు టైరు తారురోడ్డుపై ఒంటరిగా తిరిగే ఉద్యోగికి ఇచ్చే దూరంలో సగం కూడా కంకరబాటలో బరువు మోసే రైతుకు ఇవ్వకపోవచ్చు.

గ్రిప్పు చేసే పని

బండి ఎంత పెద్దదైనా, ఏ క్షణంలోనైనా ఒక్కొక్క టైరు నేలను తాకేది సుమారు అరచేయంత మేర మాత్రమే. వేగం పెంచినా, బ్రేకు వేసినా, మలుపు తిప్పినా ఆ కొద్దిపాటి రబ్బరే భారమంతా వహించాలి. పొడిగా, శుభ్రంగా ఉన్న తారురోడ్డుపై గాడులు అరిగిన టైరు కూడా రోడ్డును బాగానే పట్టుకుంటుంది. అందుకే ఎండకాలమంతా బోడి టైరుతో తిరిగినవారికి అందులోని లోపం తెలియదు.

గాడుల అవసరం తడి రోడ్డుపై తెలుస్తుంది. రోడ్డుపై నిలిచిన పలుచని నీటిపొరను గాడులు పక్కలకు నెట్టివేస్తేనే రబ్బరు తారును తాకగలుగుతుంది. గాడి లోతు తగ్గినకొద్దీ నీరు పోవడానికి దారి తగ్గుతుంది, రబ్బరుకు రోడ్డుకు నడుమ నీరు మిగిలిపోతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఆగవలసిన చోట ఆగక ముందుకు జారుతుంది. మట్టిబాటపై, ఇసుక పరచుకున్న రోడ్డుపై గాడుల అంచులు నేలలోనికి దిగి పట్టు ఇస్తాయి. అవి అరిగినప్పుడు ఆ పట్టు కూడా పోతుంది.

మరొక సంగతి కలదు. గ్రిప్పు రబ్బరు టైరుకు కవచం వంటిది. దాని అడుగున నైలాన్ దారాలతో అల్లిన పొరలుంటాయి. టైరుకు బలాన్నిచ్చేవి, లోపలి గాలి ఒత్తిడిని తట్టుకొనేవి ఆ దారాలే. పైరబ్బరు పలుచబడినకొద్దీ తుమ్మముల్లు, మేకు, క్వారీ రాతిచిప్ప సులువుగా లోపలికి దిగుతాయి. ఒకే నెలలో రెండు మూడు పంక్చర్లు పడుతున్నాయంటే దారిని నిందించే ముందు గ్రిప్పు లోతును చూడడం మంచిది.

చట్టం చెప్పే హద్దు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 94వ నిబంధన టైరు స్థితిని గురించి చెబుతుంది. దాని ప్రకారం ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. తక్కిన మోటారు వాహనాలకు ఆ హద్దు 1.6 మిల్లీమీటర్లు. లోతు ఉన్నప్పటికీ, లోపలి దారాలు బయటపడినా, టైరు ఒకచోట ఉబ్బినా, రూపు చెడినా, వల్కనైజింగ్ చేయకుండా పైనుండి అతుకు వేసినా అది మంచి స్థితిలో ఉన్న టైరుగా లెక్కకు రాదు. ఇది కేంద్ర నిబంధన గనుక కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అన్నింటికీ ఒక్కటే. హద్దు దాటినంత మాత్రాన నియమం మారదు.

ఈ హద్దును గుర్తించడానికి టైరులోనే ఒక ఏర్పాటు ఉన్నది. టైరు పక్కగోడపై, గ్రిప్పు మొదలయ్యే చోటికి దగ్గరగా, చిన్న త్రిభుజం గుర్తో, బాణం గుర్తో, టీ, డబ్ల్యూ, ఐ అనే మూడు ఆంగ్లాక్షరాలో కనబడతాయి. ఆ గుర్తుకు ఎదురుగా గాడి లోపల చూస్తే అడ్డంగా ఒక చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. గ్రిప్పు అరిగి ఆ గట్టుతో సమమైనదంటే చట్టం ఇచ్చిన హద్దు చేరినట్లే. ఈ గుర్తులు టైరు చుట్టూ పలుచోట్ల ఉంటాయి. ఒకచోట గట్టు సమమై, మరొకచోట కాకపోయినా, సమమైన చోటునే లెక్కలోనికి తీసుకోవాలి.

లోతు కొలిచే తేలిక పద్ధతి

టైరు షాపులలో లోతు కొలిచే చిన్న గేజి ఉంటుంది. అది లేనివారికి ఒక అగ్గిపుల్ల, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, టైరు మట్టిని కడిగి, నడిమి గాడిలోనికి అగ్గిపుల్లను నిలువుగా, అడుగు తగిలేవరకు దింపాలి. గ్రిప్పు పైఅంచు వద్ద గోటితో గుర్తు పెట్టి, పుల్లను స్కేలు పక్కన ఉంచి చూడాలి. గట్టుమీద కాక గాడి అడుగునే కొలవాలి. చక్రాన్ని తిప్పుతూ కనీసం మూడు చోట్ల, నడుమ ఒకమారు, రెండు పక్కల ఒక్కొక్కమారు కొలిచి, వచ్చినవాటిలో అన్నింటికంటె చిన్న అంకెను తీసుకోవాలి.

ఆ అంకెతో ఇట్లు నిర్ణయించుకోవచ్చును. 3 మిల్లీమీటర్లకు పైన ఉంటే లోతు విషయంలో చింత లేదు. 2 నుండి 3 నడుమ ఉంటే నెలకొకసారి కొలుస్తూ, వానకాలం ఎంత దూరంలో ఉన్నదో చూసుకోవాలి. 2కు దిగినప్పుడు కొత్త టైరుకు డబ్బు సమకూర్చుకొని మార్చివేయడం వివేకం. కొన్ని కంపెనీలు తమ మాన్యువళ్లలో ముందు టైరుకు 1.5, వెనుక టైరుకు 2 మిల్లీమీటర్లను కనీస లోతుగా పేర్కొంటాయి. మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన అంకె ఏదైతే దానినే పాటించవలెను. స్కేలుపై ఒక గీతకంటె తక్కువ వచ్చిందంటే చట్టం గీసిన గీతను చేరువైనట్లో, దాటినట్లో లెక్క.

0.8 వరకు వాడుకోవచ్చును గదా, 2 వద్దనే మార్చడం డబ్బు వృథా కాదా అని అడిగేవారుంటారు. లెక్క వేసి చూద్దాము. ఉదాహరణకు కొత్త టైరు గాడి లోతు 7 మిల్లీమీటర్లనుకొంటే, 0.8 వరకు అరిగేది 6.2 మిల్లీమీటర్లు. 2 వద్ద మార్చితే మనం వదులుకొనేది 1.2 మిల్లీమీటర్లు, అనగా టైరు ఆయువులో దాదాపు ఐదవ వంతు. రెండువేల రూపాయల టైరైతే ఆ ఐదవ వంతు విలువ సుమారు నాలుగు వందలు. వానలో ఒక్కమారు జారిపడితే అయ్యే వైద్యం ఖర్చు, పోయే కూలిదినాలు, విరిగే బండి సామాను ఆ నాలుగు వందల పక్కన పెట్టి చూసుకొంటే సందేహం తీరుతుంది.

అరుగుదల తీరు చెప్పే సంగతులు

టైరు ఎంత అరిగిందన్నదే కాక, ఎక్కడ అరిగిందన్నది కూడా చూడాలి. అరుగుదల తీరును బట్టి బండిలోని ఇతర లోపాలు బయటపడతాయి. వాటిని సరిచేయకుండా కొత్త టైరు వేయిస్తే అది కూడా అదే దారి పడుతుంది.

నడుమ మాత్రమే చదునై, పక్కల గ్రిప్పు నిండుగా ఉంటే, ఎక్కువగా హైవేపై తిన్నగా సాగిన బండి అని గాని, గాలి అవసరానికి మించి ఉన్నదని గాని అర్థం. ఇటువంటి టైరు మలుపులో ఇబ్బంది పెడుతుంది. బండిని వంచినప్పుడు చదునైన భాగం నుండి గుండ్రని భాగానికి ఒక్కసారిగా మారడం వల్ల హ్యాండిల్ తడబడుతుంది.

పక్కలు త్వరగా అరిగి, పక్కగోడపై సన్నని ముడతలు పడితే గాలి తక్కువతో నడిపినట్లు. గాలి తగ్గినప్పుడు పక్కగోడ ప్రతి చుట్టుకూ ముడుచుకొని విచ్చుకొంటుంది. దానివల్ల లోపల వేడి పుడుతుంది. ఆ వేడి దారాలను రబ్బరు నుండి విడదీస్తుంది. పైకి గ్రిప్పు బాగున్నా లోపల టైరు చనిపోయి ఉండవచ్చు.

ముందు టైరు ఎగుడుదిగుడుగా, అలలవలె అరిగితే ముందు షాక్ అబ్జార్బర్లను, చక్రం బేరింగులను, స్పోకుల బిగింపును చూపించుకోవాలి. ఒకేచోట నున్నగా అరిగితే వెనుక బ్రేకు గట్టిగా తొక్కి చక్రాన్ని ఈడ్చిన గుర్తు కావచ్చు. ఒకవైపే అరిగితే చెయిను బిగించినప్పుడు వెనుక చక్రం వంకరగా కూర్చున్నదేమో చూడాలి. చెయిను సర్దుబాటు దగ్గర రెండువైపులా ఉండే గీతలు సమంగా ఉండవలెను.

లోతు ఉన్నా మార్చవలసిన సందర్భాలు

గంధకంతో కలిపి వేడిచేయడం ద్వారా రబ్బరుకు సాగే గుణం, గట్టిదనం వస్తాయి. దానినే వల్కనైజింగ్ అంటారు. కాలం గడిచినకొద్దీ గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి ఆ గుణాన్ని హరిస్తాయి. రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్లు బారుతుంది, తడిరోడ్డును పట్టుకొనే శక్తి తగ్గుతుంది. తక్కువగా తిరిగే బండికి ఇదే పెద్ద చిక్కు. కొడుకు పట్నం వెళ్లగా పెరట్లో నిలిచిపోయిన బండి, ఏడాదికి రెండుమార్లు పండుగలకు మాత్రమే తీసే స్కూటరు వంటివాటిలో గాడులు కొత్తవిగానే కనబడతాయి. కాని రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది.

టైరు పుట్టిన తేదీ దానిపైనే ఉంటుంది. పక్కగోడపై, సాధారణంగా ఒక కోలగీత నడుమ, నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు సంవత్సరంలో ఎన్నవ వారమో, చివరి రెండు ఏ సంవత్సరమో తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో, అనగా జూన్ నెలలో తయారైనదని అర్థం. ఈ అంకెలు టైరుకు ఒకవైపు మాత్రమే ఉండవచ్చు గనుక రెండువైపులా చూడాలి. ఐదేళ్లు నిండిన టైరును ఏడాదికొకమారైనా నిపుణునికి చూపాలి. పదేళ్లు నిండినదానిని గాడులు ఎంత లోతుగా ఉన్నా వాడరాదు. టైరు కంపెనీలు ఇచ్చే సలహా కూడా ఇదే. ఎండలోనే నిలిచే బండికి, పశువుల కొట్టం పక్కన, ఆయిలు ఒలికిన నేలపై నిలిచే బండికి ఆయువు ఇంకా ముందే తీరుతుంది.

వయస్సుతో నిమిత్తం లేకుండా, ఈ కింది గాయాలలో ఏది కనిపించినా టైరును వెంటనే తీసివేయవలెను.

• పక్కగోడపై కురుపువలె ఉబ్బు. గుంతలో పడిన దెబ్బకు లోపలి దారాలు తెగినందువల్ల ఇది వస్తుంది. ఇది ఎప్పుడు పగిలేదీ చెప్పలేము.
• దారాలు కనబడేంత కోత గాని, అరుగుదల గాని.
• పక్కగోడపై పడిన రంధ్రం. పక్కగోడకు పంక్చరు వేయించడం మంచిది కాదు. అది ఎల్లప్పుడూ కదిలే భాగం గనుక అతుకు నిలవదు.
• గాడుల అడుగున గాని, పక్కగోడపై గాని గోరు ఆనేంత లోతైన పగుళ్లు.
• రిమ్ములో కూర్చునే అంచు విరగడం, అందులోని తీగ బయటపడడం.

కోత పడిన టైరులో పాత టైరు ముక్కను లోపల అమర్చి నడపడం కొన్నిచోట్ల వాడుక. దానిని గేటరు వేయడం అంటారు. ఇంటికో, దగ్గరలోని షాపుకో మెల్లగా చేరడానికి తప్ప అది పనికిరాదు. పిల్లలను ఎక్కించుకొని అటువంటి టైరుతో హైవే ఎక్కరాదు.

ట్యూబ్‌లెస్ టైరుకు బయటి నుండి దూర్చే రబ్బరు పోగు తాత్కాలిక ఉపాయం. టైరు విప్పి లోపలి నుండి వేసే అతుకు మేలైనది. ట్యూబు ఉన్న టైరులో మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోవచ్చు. ట్యూబ్‌లెస్‌లో సాధారణంగా మెల్లగా పోతుంది. ట్యూబుపై అతుకులు ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు ట్యూబు మార్చాలి. కొత్త టైరుతో పాటు కొత్త ట్యూబు వేయడం మరువరాదు. పాత ట్యూబు సాగి ఉండడం వల్ల కొత్త టైరులో మడతపడి, ఆ మడత వద్దనే తెగుతుంది.

ముందు చక్రమా, వెనుక చక్రమా?

ఇంజను బలం, బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రంపై పడతాయి గనుక వెనుక టైరే ముందుగా అరుగుతుంది. అందువల్ల చాలామంది దృష్టి దానిమీదనే ఉంటుంది. ముందు టైరు మూడు నాలుగు సంవత్సరాలు గడిచినా మార్చబడదు. ఇది ప్రమాదకరమైన అలవాటు.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. అప్పుడు బండిని ఆపే పనిలో అధిక భాగం ముందు టైరుదే. వెనుక చక్రం జారినప్పుడు బండిని నిలదొక్కుకొనే అవకాశం కొంత ఉంటుంది. ముందు చక్రం జారితే రెప్పపాటులో మనిషి నేలమీద ఉంటాడు. కనుక ముందు టైరు విషయంలో వెనుక టైరుకంటె కఠినంగా ఉండవలసినదే గాని ఉదారంగా ఉండరాదు. వెనుక టైరు రెండవసారి మార్చేటప్పుడు ముందు టైరును తప్పక కొలిచి చూడాలి.

2019 ఏప్రిల్ నుండి అమ్మిన కొత్త బండ్లకు, ఇంజను పరిమాణాన్ని బట్టి, కలిసి పనిచేసే బ్రేకులో, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఏర్పాటో ఉంటున్నది. అవి ఉన్నవి గదా అని అరిగిన టైరుతో నడపడం పొరపాటు. రోడ్డుపై ఉన్న పట్టును అవి సరిగా వాడుకోగలవు. లేని పట్టును పుట్టించలేవు.

అరిగిన ముందు టైరును వెనుకకు, వెనుకదానిని ముందుకు మార్చి వాడుకొనే ఆలోచన కూడా తగదు. చాలా బండ్లకు రెండింటి సైజు, గాడుల తీరు, మోయగల బరువు వేరుగా ఉంటాయి.

బరువు, గాలి

టైరుపై 80/100-18 54 పి వంటి గుర్తు ఉంటుంది. 80 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 100 అనేది వెడల్పుతో పోల్చిన ఎత్తు శాతం. 18 అనేది అంగుళాలలో రిమ్ము కొలత. చివరి 54 మోయగల బరువుకు గుర్తు, దాని అర్థం 212 కిలోలు. 47 అని ఉంటే 175 కిలోలు, 41 అని ఉంటే 145 కిలోలు. చివరి అక్షరం పి అయితే ఆ టైరు గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు, ఎల్ అయితే 120 వరకు తట్టుకొంటుంది. పాత పద్ధతిలో 2.75-18, మోపెడ్లకు 2.50-16 వంటి అంగుళాల గుర్తులు ఉంటాయి.

ఇప్పుడొక లెక్క చూద్దాము. సుమారు 112 కిలోల బండి, ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున ఇద్దరు పెద్దలు, నిండిన 40 లీటర్ల పాలక్యాను సుమారు 45 కిలోలు, మొత్తం 287 కిలోలు. ఇందులో మూడింట రెండు వంతులు వెనుక చక్రంపై పడినా 190 కిలోలు దాటుతుంది. ఇది 212 కిలోల టైరుకు దాదాపు అంచు. మూడవ మనిషి ఎక్కితే మొత్తం 352 కిలోలు, వెనుక చక్రంపై 235 కిలోల వరకు వస్తుంది. మోటారు వాహనాల చట్టం నడిపేవారు గాక ఒక్కరినే ఎక్కించుకోమనడంలో అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఇట్లు తరచుగా అధిక బరువు మోసిన టైరు లోపలి నుండి బలహీనపడుతుంది గనుక దానికి 2 మిల్లీమీటర్ల వరకు కూడా ఆగకుండా ముందే మార్చుకోవడం మేలు.

గాలి ఎంత ఉండాలన్నది బండి చెయిన్ కవరుపైనో, వెనుక చక్రం పట్టీపైనో అంటించిన కాగితంలోను, మాన్యువల్‌లోను ఉంటుంది. ఒంటరిగా వెళ్లేటప్పుడు ఒక అంకె, వెనుక మనిషి ఉన్నప్పుడు మరొక అంకె ఇస్తారు. టైరు పక్కగోడపై రాసినది గరిష్ఠ పరిమితి. దానిని రోజువారీ కొలతగా తీసుకోరాదు. పదిహేను రోజులకొకసారి, చాలాదూరం తిరగక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోవాలి. వాల్వు మూత పోతే కొత్తది వేయించడం చిన్న పనే గాని ఆయువు పెంచే పని.

మన సరిహద్దులలో వానకాలం లెక్క

టైరు మార్చే నెలను పంచాంగంతో పాటు ఋతుపవనాలను చూసి నిర్ణయించుకోవాలి. తెలంగాణను ఆనుకొన్న నాందేడ్, గడ్చిరోలి వైపు, ఉత్తరాంధ్రను ఆనుకొన్న రాయగడ, కోరాపుట్, గంజాం వైపు జూన్ నుండి సెప్టెంబరు వరకు వచ్చే నైరుతి వానలే ముఖ్యం. అక్కడివారు మే నెలాఖరు లోపల టైరు చూసుకోవాలి. తిరుత్తణి, గుడియాత్తం వంటి తమిళనాడు సరిహద్దు ప్రాంతాలకు, గోదావరి ముఖాన ఉన్న యానాంకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు కూడా తోడవుతాయి. కోలారు, ముళబాగిలు, పావగడ వైపు సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టివి. కనుక అక్కడివారు ఆగస్టులో ఒకమారు కొలిచి చూసుకోవడం మంచిది.

తొలివాన రోజు అన్నింటికంటె జాగ్రత్త అవసరం. నెలల తరబడి రోడ్డుపై పేరుకొన్న దుమ్ము, ఆయిలు మొదటి జల్లుకు కలిసి జారుడు పొరగా మారతాయి. గట్టివాన కురిసి రోడ్డు కడిగినదాకా ఆ జారుడు పోదు. సాలూరు నుండి కోరాపుట్‌కు ఎక్కే ఘాట్, చిత్తూరు, పలమనేరుల నడుమ మొగిలి ఘాట్ వంటి చోట్ల మలుపు, వాలు, తడి మూడూ ఒక్కచోట కలుస్తాయి. 3 మిల్లీమీటర్లలోపు గ్రిప్పుతో వానకాలం ప్రవేశించే బండి అటువంటి దారిలో రోజూ తిరిగేదైతే, ముందే మార్చుకోవడంలో నష్టం లేదు.

కొనేటప్పుడు

పాత టైరుపై ఉన్న సైజు, బరువు గుర్తు, వేగం అక్షరం కాగితంపై రాసుకొని షాపుకు వెళ్లాలి. బరువు అంకె పాతదానికంటె తగ్గరాదు. వెడల్పు టైరు అందంగా ఉంటుందని సైజు మార్చితే చెయినుకు, మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. స్పోకుల చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబు ఉండవలసినదే.

టైర్ల నాణ్యతపై కేంద్ర ప్రభుత్వం 2009లో ఉత్తర్వు వెలువరించింది. దాని కింద టైరుపై ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15627. ముద్ర లేని టైరు ఎంత చవకగా వచ్చినా వద్దు. తయారీ తేదీ కూడా చూసి, పాత సరుకైతే కొత్తది అడగడానికి మొగమాటపడనక్కర లేదు.

హద్దు అవతల కొంటే చవక అనే మాట సరిహద్దు ఊళ్లలో పాతదే. 2017 జులైకి ముందు రాష్ట్రానికొక పన్ను ఉండేది గనుక ఆ మాటలో కొంత నిజం ఉండేది. జీఎస్టీ వచ్చిన తరువాత టైరుపై పన్ను దేశమంతటా ఒక్కటే. 28 శాతంగా ఉన్న ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతానికి తగ్గింది. పెట్రోలు జీఎస్టీలో లేదు గనుక దాని ధర మాత్రం ఇప్పటికీ హద్దు దాటితే మారుతుంది. కాబట్టి టైరు కోసం దూరం పోవడంకంటె, బిల్లు ఇచ్చి, బిగించి, లోపముంటే తిరిగి చూసే దగ్గరి షాపే మేలు. బిల్లుపై టైరు నంబరు రాయించుకొని భద్రపరచుకోవాలి.

అరిగిన టైరులో వేడికత్తితో కొత్తగా గాడులు కోసి, నల్లరంగు పూసి సెకండ్ హ్యాండ్‌గా అమ్మడం కద్దు. ఆ గాడి దారాల పొరకు అంటుకొనేంత లోతుకు పోతుంది. తేదీ అంకెలు చెరిపివేసి ఉన్నా, గాడి అడుగున గట్టు కనబడకపోయినా, గాడి అంచులు వంకరటింకరగా ఉన్నా అటువంటి టైరును ముట్టరాదు.

బిగించిన తరువాత

పక్కగోడపై బాణం గుర్తుంటే చక్రం తిరిగే దిశ దానితో సరిపోవాలి. టైరు అంచు పక్కన ఉండే సన్నని గీత రిమ్ము చుట్టూ సమదూరంలో కనబడితే టైరు సరిగా కూర్చున్నట్లు. ట్యూబు వాల్వు తిన్నగా నిలవాలి. వంగి ఉంటే టైరు రిమ్ముపై జరిగినదని తెలుసుకోవాలి. రిమ్ము లోపల స్పోకు కొనలు పొడుచుకు రాకుండా, వాటిపై రబ్బరు పట్టీ ఉన్నదో లేదో బిగించక ముందే చూడాలి.

కొత్త టైరుపై తయారీలో మిగిలిన నునుపు ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్ల వరకు గట్టిగా బ్రేకు వేయడం, మలుపులో ఎక్కువగా వంచడం తగదు. కొత్త టైరు వేయించిన రోజే వానలో ఘాట్ ఎక్కడం మంచిది కాదు.

ఒక్క చూపులో

• గట్టుతో గ్రిప్పు సమమైనది: బండి తీయకుండా మార్చాలి.
• లోతు 2 మిల్లీమీటర్లు, లేక మాన్యువల్ చెప్పిన అంకె: ఈ నెలలోనే మార్చాలి.
• 2 నుండి 3 నడుమ: వానకాలం దగ్గర పడినా, ఘాట్ దారి అయినా, బరువు మోసే బండి అయినా మార్చాలి. కాకపోతే నెలకొకమారు కొలవాలి.
• ఉబ్బు, దారం, పక్కగోడ రంధ్రం, లోతైన పగులు: లోతుతో పనిలేదు, మార్చాలి.
• ఐదేళ్లు నిండినది: ఏటా చూపించాలి. పదేళ్లు నిండినది: మార్చాలి.
• వంకరగా అరిగినది: కారణం సరిచేయించి, తరువాత మార్చాలి.

నెలకొక ఆదివారం బండి కడిగేటప్పుడు ఈ పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు. లోతును, తేదీని గోడ క్యాలెండరుపై రాసి ఉంచితే రెండు మూడు నెలలలో మీ దారిలో, మీ బరువుతో, టైరు ఎంత త్వరగా అరుగుతున్నదో మీకే తెలుస్తుంది. దానిని బట్టి కొత్త టైరుకు డబ్బు ముందుగానే కూడబెట్టుకోవచ్చు.